కొమ్మ నాటితేనే



ఇంగ్లాండులోని మోటిస్‌ఫాంట్‌లో 1201లో అగస్టీను సభ గురువుల మఠం వెలసింది. పోపుగారితో తగవుపడిన ఎనిమిదవ హెన్రీ రాజు 1536లో దానిని మూయించాడు. మఠం కాస్తా దొరల భవంతి అయింది. ఆ భవంతి పాత కూరగాయల తోటలో గ్రహాం స్టూవర్ట్ థామస్ అనే తోటల నిపుణుడు 1970లలో తాను సేకరించిన పాతకాలపు గులాబీలను నాటించాడు. వాటిలో చాలావరకు ఏడాదికి ఒక్కసారే, జూన్ ప్రాంతంలో పూస్తాయి. మాటిమాటికీ పూసే రకాలు వచ్చాక వీటిని అడిగేవారు తగ్గిపోయారు.

గులాబీ విత్తు నాటితే తల్లిచెట్టు పువ్వు రాదు. కొమ్మ నాటాలి, లేదా అంటుకట్టాలి. బ్రతికున్న చెట్టు దగ్గరకు వెళ్లి ఎవరూ కొమ్మ తీసుకోకపోతే ఆ రకం అంతటితో సరి.

మన జపమాలకు లాటినులో 'రొజారియుం' అని పేరు. గులాబీ తోట అని అర్థం. మన ఇండ్లలో అది ఇప్పుడు ఎవరి నోట వినిపిస్తోంది? చాలా చోట్ల ఒక్క అవ్వ నోటనే. విచారణలలో జపమాల పుస్తకాలు పంచుతూనే ఉన్నాం. పంచడం మంచిదే గాని, అవ్వ ప్రక్కన కూర్చుని, ఆమె తడబడిన చోట ఆగి, ఆమెతోపాటు పలికిన పిల్లవానికే ఆ జపం అబ్బుతుంది. ఈ రాత్రి మొదటి పది మంగళవార్త జపాలు అవ్వను చెప్పనివ్వండి. రెండవ పది మనవడు అందుకోవాలి.