పాపము చేతులు మారునా?

దోహా నగరమందలి అల్ ముంతజాలో వేసవి రాత్రులందు ఏసీలు సహజవాయువును మండించి పుట్టించిన విద్యుత్తుతో నడచుచుండ, ఎక్కడో తెలుగు వినబడు బాగేపల్లి పల్లెలలో కట్టెపొయ్యికి మారుగా గోబర్ గ్యాసు వెలుగుటకు కార్బన్ క్రెడిట్ల సొమ్ము తోడ్పడినంతమాత్రమున, ఇచటి పొగకు అచట ప్రాయశ్చిత్తము జరిగినట్లేనా? ఆ బాగేపల్లి పథకము 2005లో నమోదైనది. సంకల్పించిన ప్లాంట్లు 5,500.

మహాభారతమందలి అరణ్యపర్వమున సోమకుడను రాజు తన పురోహితుని నరకబాధను తాను మోసెదననగా, ఒకని కర్మఫలమును వేరొకడనుభవింపరాదని యముడు నిరాకరించెను. (మన లెక్కల పండితులకంటె యముడు కఠినుడు!) ఇట్టి క్రెడిట్ల లెక్కతో 2022 ప్రపంచ కప్పు కర్బనతటస్థమన్న ఫీఫా ప్రచారమును సైతము స్విట్జర్లాండు ప్రకటనల సమీక్షాసంఘము 2023లో తప్పుపట్టెను.

అయినను పల్లెలోని ఇల్లాలి కన్నులకు పొగ తప్పుట అల్పవిషయము కాదు. కావున సొమ్ము పంపుడు. పంపితిమిగదాయని మన ఏసీని మాత్రము తెల్లవార్లు నడపకుడు.