గురికి ముందటి ధర్మం

వేటకు సంబంధించిన ధర్మవిచారణ సాధారణంగా తుపాకీ మీట నొక్కే క్షణం చుట్టూనే తిరుగుతుంది. అయితే అమెరికాలో తమ తూటాలను తామే కూర్చుకునే వేటగాళ్ల పనిని పరిశీలిస్తే, ఆ విచారణ అంతకు ఎంతో ముందు, పనిబల్ల దగ్గరే మొదలుకావాలని తోస్తుంది. ఇత్తడి తొడుగులో మందు నింపి, దాని మూతిలో గుండును ఎంత లోతుకు దించాలో నిర్ణయించడం ఈ పనిలో కీలకం. తొడుగు అడుగు నుంచి గుండు మొన వరకు ఉండే కొలతను తూటా మొత్తం పొడవు అంటారు. థర్టీ-ఆట్-సిక్స్ అనే ప్రసిద్ధ తూటాకు అక్కడి పరిశ్రమ ప్రమాణం ప్రకారం ఇది 3.340 అంగుళాలకు, అంటే దాదాపు 84.8 మిల్లీమీటర్లకు మించకూడదు.

ఈ పొడవును రెండు హద్దులు శాసిస్తాయి. మొదటిది తూటాలు వరుసగా అమరే మ్యాగజైన్ లోపలి నిడివి; రెండవది ఛాంబర్‌కు, అంటే తూటా పేలే గదికి ముందు, గొట్టం లోపల మెలిక తిరిగిన గాట్లు మొదలయ్యే చోటు. గుండు ఆ గాట్లకు చేరువగా ఉంటే చాలా రైఫిళ్లలో గురి మెరుగుపడుతుంది కనుక, ఒక్కొక్క తూటానే చేత్తో పెట్టి కాల్చే పోటీదారులు కొందరు గుండును గాట్లకు ఆనించి కూడా కూరుస్తారు. అలా ఆనినప్పుడు లోపలి ఒత్తిడి పెరుగుతుంది గనుక మందు తగ్గించి మొదలుపెట్టవలసి వస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు అడవిలో ఎదురవుతుంది: పేల్చని తూటాను బయటికి లాగితే గుండు గాట్లలోనే ఇరుక్కుపోయి, మందు యంత్రభాగాల్లో ఒలికిపోవచ్చు, మ్యాగజైన్‌కు మించిన పొడవైతే రెండవ తూటా ఛాంబర్‌లోకి వెళ్లనే వెళ్లదు.

అత్యంత సూక్ష్మమైన గురిని ఇచ్చే పొడవు, తప్పకుండా పనిచేసే పొడవు వేరువేరైనప్పుడు వేటగాడు దేన్ని ఎంచుకోవాలన్నది పైకి సాంకేతిక ప్రశ్నే అయినా, అది నిజానికి ధర్మప్రశ్న. మొదటి దెబ్బకు గాయపడిన జంతువును వెంటనే బాధ నుంచి విడిపించడం వేటగాడు దానికి పడిన రుణం కాబట్టి, రెండవ తూటా ఛాంబర్‌లోకి చేరుతుందన్న భరోసా కోసం కాగితపు లక్ష్యం మీద కనిపించే గురిని కొంత వదులుకోవడమే న్యాయం. నైపుణ్యం తనంతట తాను ధర్మం కాదని దశరథుడి కథ ఏనాడో తేల్చింది: సరయూ తీరాన నీటి సవ్వడిని బట్టి వదిలిన శబ్దవేధి బాణం గురి తప్పలేదు, తప్పింది వివేకమే.

చంపడాన్నే అధర్మంగా భావించే అహింసావాది, కొలతల్లో శ్రద్ధ హత్యను పుణ్యంగా మార్చదని అభ్యంతరం చెప్పవచ్చు. ఆ మాట నిజమే; శ్రద్ధ హింసను సమర్థించదు, నివారించగలిగిన అదనపు హింసను మాత్రమే ఆపుతుంది, కానీ బాధపడే ప్రాణికి ఆ తేడా చిన్నది కాదు. వేటగాడిని మెచ్చుకోవడానికో తప్పుపట్టడానికో సాధారణంగా ప్రేక్షకులుండరనీ, అతనికి అంతరాత్మే సాక్షి అనీ అమెరికన్ ప్రకృతి రచయిత ఆల్డో లియోపోల్డ్ 1949లో వెలువడిన తన గ్రంథంలో గుర్తించాడు. పనిబల్ల దగ్గర ఆ ఏకాంతం మరింత గాఢం. అందుకే మందూ, పేలుడు టోపీ లేని నమూనా తూటాలను మ్యాగజైన్ నిండా పేర్చి, ఒక్కొక్కటీ ఛాంబర్‌లోకి సాఫీగా వెళ్లి గుండు జారకుండా తిరిగి వస్తుందో లేదో వేటకాలానికి ముందే చూసుకోవడాన్ని కూడా వేటధర్మంలో భాగంగానే లెక్కించాలి.