పట్టుకుని లాగితే ఏమొస్తుంది

విడిభాగాలు కొని కంప్యూటర్ బిగించుకున్నప్పుడు కంప్యూటర్ అనే వస్తువు ఎక్కడినుంచి వచ్చినట్టు? భిలాయ్‌లోని సుపేలా బజారులో ఇచ్చిన బిల్లు నా ముందుంది. ప్రాసెసర్, బోర్డు, రెండు ర్యామ్‌లు, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ, పవర్ సప్లై, కేబినెట్. దేని ధర దానిదే, దేని జీఎస్టీ దానిదే. కంప్యూటర్ అన్న వరుస మాత్రం ఎక్కడా లేదు. కొనకుండానే ఇంటికొచ్చిన వస్తువన్నమాట.

మా మేనకోడలికి ఈ సందేహం లేదు. దానికి కావలసింది ఫైనల్ ఫాంటసీ 14 ఆడటం, అదీ విశాఖలో ఉన్న పెద్దనాన్న కూతురితో కలిసి. అరవై వేలు దాటితే ఊరుకోనని మా చెల్లెలు ముందే చెప్పేసింది. భిలాయ్ స్టీల్ ప్లాంటు రైల్ మిల్లులో వెల్డు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి గనక అతుకుల సంగతి మావయ్యకి తెలుస్తుందని మేనకోడలు నన్ను వెంటబెట్టుకెళ్ళింది.

దుకాణంలో కుర్రాడు ముందు గ్రాఫిక్స్ కార్డులు పరిచాడు. "అంకల్‌జీ, అసలు మాల్ ఇదే," అన్నాడు. అమ్మాయి ఒప్పుకోలేదు. ఇలాంటి ఆటలో ఊరి నడిబొడ్డున పదులకొద్దీ ఆటగాళ్ళు గుమిగూడతారు. ఎవరెక్కడ నిలబడ్డారు, ఏం తొడుక్కున్నారు, ఏ మంత్రం వేస్తున్నారు అన్న లెక్కంతా ప్రాసెసర్ మీద పడుతుంది. అక్కడ అది తడబడితే ఎంత ఖరీదైన కార్డయినా ఖాళీగా కూర్చోవాల్సిందే. అందుకని ఆరు కోర్ల రైజెన్ 5 5600 తీసుకుని, కార్డు దగ్గర ఆర్‌ఎక్స్ 6600తో సరిపెట్టింది. ఉన్న మానిటర్‌కి అంతకన్నా పెద్ద కార్డు దండగ. ర్యామ్ పదహారు జీబీ ఒకే ముక్కగా కాకుండా ఎనిమిదెనిమిది రెండు తీసుకుంది, ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి చదువుకుంటుందని. పవర్ సప్లై దగ్గర మాత్రం బేరాలొద్దని నేనే గట్టిగా చెప్పాను. కేబినెట్ ముందువైపు జాలీ ఉన్నది ఎంచాం. ఇక్కడ మే నెలాఖరు నౌతపాలో ఎండ 45 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. గాలి ఆడని పెట్టెలో ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది.

ఈ బేరమంతా వింటుంటే ఒకటి తట్టింది. మంచి కార్డు, మంచి ప్రాసెసర్ అనే మాటలకు విడిగా అర్థం లేదు. దేనితో కలిస్తే మంచిది, ఏ పనికి మంచిది అన్నదే ఉంది. దేనికీ తనదంటూ విడి స్వభావం లేదని, ఉన్నదంతా ఒకదాన్ని ఆనుకుని ఒకటి ఉన్నదేనని బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు వాదించాడు.

సెక్టార్ 5 బాలాజీ గుడి దగ్గర సాయంత్రాలు కూర్చునే పెద్దాయన ఒకరున్నారు. కుర్రతనంలో తర్కసంగ్రహం కంఠతా పట్టినాయన. దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడని కొంచెం గర్వం కూడా. బౌద్ధుల మాటెత్తితే ఆయనకు పడదు. "ముక్కలే ఉన్నాయి, వస్తువు లేదంటావా? ఒక కొస పట్టుకుని లాగు బాబూ, మొత్తం వస్తుందో రాదో చూడు," అన్నారు. ఇది న్యాయసూత్రాల్లో ఉన్న వాదమే. అవయవాలకు మించి అవయవి, అంటే మొత్తం వస్తువు అనేది నిజంగా ఉంది, కాబట్టే ఒక భాగం పట్టుకుంటే మొత్తం కదిలి వస్తుంది. ఇసుక కుప్పలో పిడికెడు పట్టుకుంటే వచ్చేది పిడికెడే.

ఈ వాదం నాకు నచ్చడానికి నా ఉద్యోగమే కారణం. మా దగ్గర 130 మీటర్ల పట్టాలు రెంటిని, కొసలు కరెంటుతో కరిగేదాకా కాల్చి, ఒకదాని మీదికొకటి నొక్కి, 260 మీటర్ల పానెల్ చేస్తారు. నొక్కినచోట పొంగిన ఇనుమును ఎర్రగా ఉండగానే చెక్కేస్తారు, తర్వాత గ్రైండింగ్ చేస్తారు. ఆ పైన అతుకు ఎక్కడుందో కంటికి ఆనదు. అల్ట్రాసోనిక్ ప్రోబ్ పెట్టి చూడాలి. లోపలికి పంపిన ధ్వని దారి మధ్యలోనే తిరిగొస్తే అక్కడ పగులో, లోపమో ఉంది. రాకపోతే ఆ లోహం ఒకటే. రెండు ఒకటయ్యాయా లేదా అని పొద్దస్తమానం అడగడమే నా పని. దానికి జీతం కూడా ఇచ్చారు.

కంప్యూటర్ దగ్గర పెద్దాయన లాగుడు పరీక్ష నిలవదు. క్లిప్పు తీసి ర్యామ్ లాగితే ర్యామే వస్తుంది. అసలు న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడికే దీనిమీద పూర్తి నమ్మకం లేదు. లక్కతో అంటించిన గడ్డీ, రాయీ, కట్టే కూడా లాగితే కలిసే వస్తాయి గదా అన్న అభ్యంతరాన్ని ఆయన అక్కడే ఎదుర్కొన్నాడు. మా రైజెన్ కూర్చునే ఏఎం4 రకం బోర్డు మీద పని చేసినవాళ్ళకు ఆ లక్క సంగతి తెలుసు. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసిన థర్మల్ పేస్టు బిగుసుకుపోయాక కూలర్‌ని నిలువునా లాగితే, సాకెట్ లాకు వేసే ఉన్నా ప్రాసెసర్ పిన్నులతో సహా ఊడి దానితోపాటే వచ్చేస్తుంది. ఆ రెండూ ఒకే వస్తువని ఎవరూ అనరు.

మాకు ఇంతకన్నా మంచి దృష్టాంతం దొరికింది. ఖర్చు తగ్గుతుందని దుకాణంలో వాడిన బీ450 బోర్డు ఇచ్చారు. బిగించి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. ఏ ముక్కకా ముక్క వేరే మెషీన్లో పెట్టి చూస్తే అన్నీ లక్షణంగా ఉన్నాయి. బోర్డులోని బయాస్ సాఫ్ట్‌వేర్ ఆ ప్రాసెసర్ పుట్టకముందుది, దాన్ని గుర్తుపట్టలేదు. కుర్రాడు ఒక పాత ప్రాసెసర్ పెట్టి, పెన్‌డ్రైవ్‌తో బయాస్ అప్‌డేట్ చేసి, మళ్ళీ మాది పెట్టాడు. తెర వెలిగింది.

మిలింద రాజుకు బౌద్ధ భిక్షువు నాగసేనుడు చెప్పిన రథం మాట చాలామంది విన్నదే: ఇరుసు రథం కాదు, చక్రాలు రథం కాదు, అన్నీ కూడినప్పుడు వాడే పేరే రథం. నాకు అక్కడే పేచీ. తెర నల్లగా ఉన్న రాత్రి ముక్కలన్నీ కూడే ఉన్నాయి. ఇంట్లో అందరం దాన్ని కంప్యూటర్ అనే పిలిచాం. పేరూ ఉంది, కూడికా ఉంది, కంప్యూటర్ లేదు. తెల్లారి ఒక్క కొత్త ముక్క చేరకుండానే అది ఉంది. ఒకటి కావడమన్నది ముక్కల్లోనూ లేదు, పేరులోనూ లేదు. ఒక పని కోసం ఒకదానినొకటి గుర్తుపట్టడంలో ఉందని నా అభిప్రాయం.

పైగా ఆ పని ఇంటి గోడల మధ్య ముగియదు. అమ్మాయి ఎంచుకున్న సర్వరు జపాన్‌లో ఉంది. భిలాయ్ నుంచి టోక్యో తిన్నగా గీత గీసినా ఆరువేల కిలోమీటర్లకు దగ్గర. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లే పోతుంది. రానూపోనూ 60 మిల్లీసెకన్ల దాకా అక్కడే ఖర్చు, తీగ వంకర్లు అదనం. ఏ భాగం కొన్నా ఇది తగ్గదు. ఆటలో అమ్మాయి పాత్ర, కత్తి, కూడబెట్టిన బంగారం, అన్నీ అక్కడే ఉంటాయి. ఈ ఆటకు ఒక ప్రళయం కూడా జరిగింది. మొదటి రూపం బాగా విఫలమైతే, కథలో ఆకాశంనుంచి ఒక ఉపగ్రహాన్ని పడేసి, 2012 నవంబరు 11న సర్వర్లు కట్టేశారు. 2013 ఆగస్టులో కొత్త ఇంజిన్‌తో కొత్త లోకం కట్టి తెరిచారు. పాత ఆటగాళ్ళ పాత్రలు మాత్రం అందులోకి దాటి వచ్చాయి.

"మావయ్యా, వచ్చే ఏడాది బోర్డు మారిస్తే ఇది ఇదేనా?" అని అడిగింది. ఎవరిని అడుగుతున్నావన్నదాన్ని బట్టి ఉంటుంది అమ్మడూ, అన్నాను. విండోస్‌ను అడిగితే కార్డు మారినా ఇదే, బోర్డు మారిస్తే కాదు, లైసెన్సు మళ్ళీ చూపించమంటుంది. ఆటను అడిగితే పెట్టె ఏదైనా పట్టదు, ఖాతా ఒకటైతే చాలు. ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసుకు కొన్నేళ్ళకోసారి లోపలి ఇటుకంతా తీసి కొత్తది కడతారు. నంబరు మారదు, లాగ్‌బుక్కు మారదు.

ఇదంతా పెద్దాయన ముందు పెట్టాను. ఆయన ఒప్పుకోలేదు. స్విచ్ ఆపినప్పుడల్లా వస్తువు పోయి, వేసినప్పుడల్లా పుడుతుందా అని అడిగారు. గాఢనిద్రలో ఉన్న మనిషి సంగతేమిటని కూడా. తట్టి లేపితే లేవగలగడం కూడా పనిలో భాగమే, ఆ నల్లతెర రాత్రి మా పెట్టెకు లేనిది అదేనని నేనన్నాను. ఆ లేచేవాడు పడుకున్నవాడేనని నీకెలా తెలుసన్నారు. వచ్చే శనివారం మాండూక్యం పట్టుకొస్తారట. తర్కంలో మొదలెట్టిన వ్యాజ్యానికి మధ్యలో ఉపనిషత్తును సాక్షిగా పిలవడం చెల్లదని నా అభ్యంతరం ముందే చెప్పి వచ్చాను.