జ్ఞానంలో వాటా

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు వెలువడింది. కళ్లు మండి, ఊపిరాడక జనం ఆసుపత్రులకు పరుగెత్తారు. అది ఏ వాయువో, ఏ మందు ఇవ్వాలో అక్కడి డాక్టర్లకే తెలియదు. తడిగుడ్డ ముఖానికి కప్పుకుంటే కొంత మేలని బస్తీలకు చెప్పినవారు లేరు. తెలిసినవాళ్లు లోకంలో ఉన్నారు. వాళ్ల మాట మాత్రం సమయానికి అందలేదు.

ఇప్పుడు ప్రమాదస్థలం నుంచే సహాయ సిబ్బంది దూరాన ఉన్న శాస్త్రవేత్తను ఫోనులో అడగవచ్చు. సిగ్నల్ అందని మా కొండమీద ఆశా కార్యకర్త ఎవరిని అడగాలి?

వేటలో దొరికింది ఊరంతా పంచుకోవాలని మా పెద్దలు నేర్పారు. ప్రాణం నిలిపే జ్ఞానంలోనూ అందరికీ వాటా ఉంది. గాలి ఎటు వీస్తుందో, ఏ వాగు నీళ్లు తాగుతామో మాకు తెలుసు. శాస్త్రవేత్త చెప్పాలి, మమ్మల్ని అడగాలి కూడా.