పారణ వేళ

ఉపవాసఫలము ఆకలియందున్నదా, కాలనియమమునందున్నదా అను ప్రశ్న శ్రీమద్భాగవతము నవమస్కంధమందలి అంబరీషోపాఖ్యానమున ఎదురగుచున్నది. కార్తికమాసమున మూడు రాత్రులు ఉపవసించిన ఆ మహారాజునకు ద్వాదశి గడియలు దాటిపోవుచున్నవి. అతిథియైన దుర్వాసుడు యమునాస్నానమునకేగి మరలి రాలేదు. పారణ చేయక కాలము గడపినచో వ్రతలోపము. అతిథికి ముందుగా భుజించినచో ధర్మలోపము. రాజు జలము మాత్రము స్వీకరించెను. జలపానమును భోజనమనవచ్చును, కాదనియు అనవచ్చును గదా!

పారణకు వేళ విధించిన పెద్దలు దానిని వైద్యముగా విధింపలేదు. అయినను దేహము తనంతట తానే కాలమును గణించుచుండునని నేడు శాస్త్రసిద్ధమైనది. కణములలోని ఆ గడియారము నడచు విధమును పండ్లపై ముసురు చిన్న ఈగలయందు పరిశోధించినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అను మువ్వురు 2017లో నోబెల్ బహుమానమునందిరి. మెదడులోని ప్రధాన గడియారము కంటబడు వెలుగును అనుసరించును. కాలేయము మొదలగు అవయవముల గడియారములు చాలవరకు భోజనవేళను అనుసరించును. ప్రొద్దున తిన్న అన్నమునే అర్ధరాత్రి తిన్నచో రక్తములో చక్కెర మరింత పెరుగును. ఏలయన ఆ వేళ ఇన్సులిను పని మందగించియుండును. ఏకాదశి పగలంతయు పస్తుండి, రాత్రి పొద్దుపోయిన పిమ్మట ఫలహారమను పేరుతో ఉప్మా కడుపునిండ తినువారు ఈ మాట గమనింతురు గాక.

అయితే వేళకు తినుట అందరి చేతిలోనిదియేనా? ఖమ్మము నుండి కొత్తగూడెం మీదుగా భద్రాద్రికి పోవు త్రోవలో జూలూరుపాడు ఉన్నది. పత్తి తీయు దినములలో ఆ ప్రాంతపు ఇల్లాలు తెల్లవారకముందే వండి, చేనికేగి, దీపాల వేళకు తిరిగివచ్చి మరల పొయ్యి వెలిగించును. భర్తకు, పిల్లలకు, భద్రాద్రికి పోవుచు ఆగిన చుట్టములకు వడ్డించి, తాను కంచము ముందు కూర్చుండునప్పటికి ఊరు నిద్రించియుండును. దీనిని పాతివ్రత్యమని పొగడుట కలదు. కాని మనుస్మృతి మూడవ అధ్యాయము చెప్పునది వేరు. కొత్త కోడండ్రకు, రోగులకు, గర్భిణులకు అతిథులకంటె ముందే పెట్టవలెను. అందరును తినిన పిమ్మట మిగిలినదానిని దంపతులు, అనగా ఇద్దరును, భుజింపవలెను. భర్త ముందుగా తిని లేచుట ఆ విధిలో లేదు.

సుదర్శనమునకు వెరచి పరుగిడిన దుర్వాసుడు మరలివచ్చువరకు అంబరీషుడు సంవత్సరకాలము నీటితోనే గడపెను. ఆ నిరీక్షణ ఆయన తానై పూనినది. కొత్తగూడెం బొగ్గుగనులలో రాత్రి షిఫ్టు చేయు కార్మికుని భోజనవేళను నిర్ణయించునది గని. దానిని ఇంటివారు మార్చజాలరు. ఇల్లాలి వేళ మాత్రము ఇంటివారి చేతిలోనిదే. చుట్టములు వచ్చిన రాత్రి భర్తయో కొడుకో లేచి గరిటె అందుకొన్నచో, ఆమెయు వారితోపాటే విస్తరి ముందు కూర్చుండగలదు.