ఆటలో పంచిన మంచితనం

పిల్లవాడు కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు, కాలం వృథా చేస్తున్నాడని మనం తీర్పు చెప్పేస్తాం. కాస్త ఆలోచిద్దాం.

నార్వే యువకుడు మాట్స్ స్టీన్ కండరాలు క్రమంగా క్షీణించే వ్యాధితో 2014లో, 25 ఏళ్ల వయసులో మరణించాడు. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆన్‌లైన్ ఆటలో అతను వేల గంటలు గడిపాడు. కొడుకు స్నేహితులు లేకుండానే బ్రతికాడని తల్లిదండ్రులు కుమిలిపోయేవారు. మరణవార్త తెలిపాక పలు దేశాల నుండి సంతాప సందేశాలు వచ్చాయి. ఆటలోని తన బృందంలో అతను ఇతరుల గోడు వినేవాడు, సలహాలిచ్చేవాడు. చక్రాల కుర్చీకి పరిమితమైన మనిషికి, ఇతరులకు ఆసరా కాగల అవకాశం అక్కడ దొరికింది.

అయితే ఆట దానంతటది ఎవరినీ మంచివారిగా మార్చదు. అక్కడ దూషించేవారూ, మోసగించేవారూ ఉన్నారు. రోజూ చేసే పనే క్రమంగా స్వభావమవుతుంది. ఓదార్చే అలవాటు మనసును మెత్తబరుస్తుంది. దూషించే అలవాటు బండబారుస్తుంది. ముఖం కనబడకపోయినా అవతల ఉన్నది మనిషే కదా!

కనుక "ఎంతసేపు ఆడావు?" అన్న ప్రశ్నతోనే ఆగిపోవద్దు. "ఈరోజు ఎవరికి తోడ్పడ్డావు? ఎవరి మనసైనా నొప్పించావా?" అని కూడా మన పిల్లల్ని అడుగుదాం. ఒక్క మాట మాత్రం వారికి గుర్తుచేద్దాం: బయట పంచే మంచితనంలో ఇంట్లోవారికీ వాటా ఉండాలి.