మోషే చేతులు బరువెక్కినప్పుడు

చదువవలసిన భాగము: నిర్గమకాండము 17:8-13



రెఫీదీములో ఇశ్రాయేలీయులకును అమాలేకీయులకును జరిగిన యుద్ధమును గూర్చి మీరు ఆదివారపు బడి దినములనుండి వినియున్నారు. కొండమీద మోషే చేతులు పైకి ఉన్నంతసేపు లోయలో మన పక్షమునకు బలము. అవి వాలినంతనే శత్రువు పక్షమునకు బలము. ఈ సంగతిని ప్రార్థనకు దృష్టాంతముగా బోధించుట మన వాడుక. నేనును అనేకసారులు అట్లే బోధించితిని. అయితే ఈ మధ్య ఆ భాగమును మరల చదువుచుండగా వేరొక మాటయొద్ద ఆగిపోతిని. మోషే చేతులు బరువెక్కినవి. ఎఱ్ఱ సముద్రముమీద చాచిన చెయ్యి అదే. బండను కొట్టిన చెయ్యి అదే. ఆ చెయ్యి ఇప్పుడు ఆయన మాట వినలేదు. అహరోనును హూరును ఆయన విశ్వాసము ఏమాయెనని అడుగలేదు. మొదట ఒక రాయి తెచ్చి ఆయన కూర్చుండుటకు వేసిరి. పిమ్మట ఈ ప్రక్కను ఒకడు, ఆ ప్రక్కను ఒకడు నిలిచిరి. ఎంతసేపు? ప్రొద్దు గ్రుంకువరకు.

మోషేకు రోగమున్నదని నేను చెప్పుట లేదు. ఆయనది అలసట. అయినను తమ చేతులు తమ మాట విననివారు మన సంఘములలోను ఉన్నారు గనుక ఈ మాసము వారిని గూర్చియు, వారి ప్రక్కను నిలిచినవారిని గూర్చియు వ్రాయుచున్నాను. వ్రాయుటకు ముందు నా తప్పిదము ఒకటి ఒప్పుకొనవలసియున్నది.

మా సంఘములో ఒక పెద్ద ఇరువది సంవత్సరములు ప్రభువు బల్లయొద్ద పరిచర్య చేసెను. కానుకల పుస్తకము వ్రాయువాడు ఆయనే. మూడేండ్ల క్రిందట ఆయన కుడిచెయ్యి వణకనారంభించెను. ఒక ఆదివారము ద్రాక్షారసపు పళ్లెము ఆయన చేతిలో గలగలలాడి, రసము బల్లమీది తెల్లని గుడ్డపై ఒలికెను. వెనుక వరుసలలో గుసగుసలు పుట్టెను. ఈయన రాత్రివేళ త్రాగుచున్నాడని ఒకరు, లోపల ఏదో దాచుకొన్న పాపమున్నదని మరియొకరు. నేను ఆ మాటలు నమ్మితినని చెప్పను, నమ్మలేదనియు చెప్పలేను. ఆయనను ప్రక్కకు పిలిచి, “పెద్దయ్యా, కొన్నాళ్లు విశ్రాంతి తీసికొనండి” అంటిని. ఏమైనదని అడుగలేదు. ఆయన తల వంచుకొని పోయెను. ఆ తరువాత నాలుగు ఆదివారములు గుడికి రాలేదు.

పట్టణములో పనిచేయుచున్న ఆయన కుమార్తె వచ్చి నరముల వైద్యునియొద్దకు తీసికొనిపోగా, అది పార్కిన్సన్స్ వ్యాధి అని తెలిసెను. మన పల్లెలలో వణుకుడు రోగమందుము. ఆయుర్వేద వైద్యులు కంపవాతమందురు. 1817లో లండను పట్టణమందు జేమ్స్ పార్కిన్సన్ అను వైద్యుడు దీనిని గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసెను. ఆయన వర్ణించిన రోగులు ఆరుగురు మాత్రమే. వారిలో కొందరిని వీధిలో నడిచి పోవుచుండగానే చూచెను. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు సిగ్గు కలిగెను. ఆయన వీధిలో పోవువానిని చూచి గ్రహించెను. నేను ప్రతి ఆదివారము నా యెదుట నిలిచినవానిని చూచి గ్రహింపలేదు.

ఆ దినము ఇంటికి వచ్చి పాత కానుకల పుస్తకములు తీసి చూచితిని. వణకు కనబడుటకు ముందు సంవత్సరమునుండియే ఆయన అక్షరములు చిన్నవగుచు వచ్చెను. పేజీ పైభాగమున గింజలవలె ఉన్నవి, అడుగున చీమలవలె ఉన్నవి. అది ఈ వ్యాధియొక్క గురుతులలో ఒకటియని అప్పుడు నాకు తెలియదు. నెలనెలా ఆ పుస్తకముమీద నేను సంతకము చేయుచునే యుంటిని.

ఈ వ్యాధి ఎట్లు పుట్టునో కొంచెము చెప్పెదను. మెదడు అడుగున నల్లని రంగు గల ఒక చిన్న భాగమున్నది. అక్కడి కణములు డోపమిన్ అను పదార్థమును చేయును. మన కదలికలు సాఫీగా సాగుటకు అది కావలెను. ఆ కణములు మెల్లమెల్లగా నశించును; గురుతులు పైకి కనబడునప్పటికే వాటిలో ఎక్కువ భాగము పోయియుండును. సాధారణముగా అరువది ఏండ్లు దాటినవారికి వచ్చును, చిన్నవారికిని రావచ్చును. అంటువ్యాధి కాదు. పక్షవాతము కాదు. ఎవరును చేతబడి చేయుటచేత వచ్చినది కాదు. గ్రుడ్డివానిగా పుట్టినవానిని చూపి, పాపము ఇతనిదా, తలిదండ్రులదా అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ రెండింటిని త్రోసివేసెను (యోహాను 9). మన సంఘములో ఆ ప్రశ్న ఇంకను చావలేదు.

చెయ్యి ఊరక ఒడిలో పెట్టుకొన్నప్పుడు వణకు ఎక్కువ. బొటనవ్రేలును చూపుడువ్రేలును కలిసి మాత్ర నలుపుచున్నట్లుండును. వణకు లేనివారును కొందరున్నారు. వారికి ఒళ్లు బిగుసుకొనును, అడుగులు కురుచవగును, గొంతు తగ్గును. ముఖములోని కండరములు బిగియుటచేత నవ్వు కనబడదు. తాతకు మనమీద కోపమని పిల్లలు దూరముగా పోవుదురు. లోపల ఆయన నవ్వుచునే యుండవచ్చును. కొందరికి ఎన్నో ఏండ్ల ముందునుండియే మలబద్ధకము, వాసన తెలియకపోవుట ఉండును. ఆవకాయ జాడి మూత తీసినను మా పెద్దకు వాసన తెలియలేదట, జలుబనుకొనిరి.

వ్యాధిని పూర్తిగా పోగొట్టు మందు లేదు. బాధను తగ్గించి నడిపించు మందులున్నవి. వాటిలో ముఖ్యమైనది లెవోడోపా. 1961లో వియన్నా పట్టణపు వైద్యులు దానిని రోగులకిచ్చి మేలు కనిరి. 1967 నాటికి అమెరికాలో నోటి ద్వారా ఇచ్చు పద్ధతి కుదిరెను. మన చేలగట్లమీద ప్రాకు దూలగొండి గింజలలో ఇదే పదార్థమున్నదని 1937లోనే మన దేశపు శాస్త్రజ్ఞులు తీసి చూపిరి. ఇది చదివి ఎవరును గింజలు దంచి త్రాగవద్దు. ఏ గింజలో ఎంత యున్నదో మీకు తెలియదు. మాత్రలో ఎంత యున్నదో వైద్యునికి తెలియును.

ఈ మాత్రకు గడియారము ముఖ్యము. వైద్యుడు చెప్పిన గంటకే వేయవలెను. సామాన్యముగా భోజనమునకు అరగంట ముందు వేయుట మేలు. పప్పు, మాంసము, పాలవంటివి కొందరిలో దాని పనికి అడ్డుపడును. మాత్ర పనిచేయుచున్నప్పుడు నడిచినవాడే అది తగ్గినప్పుడు మంచములో ప్రక్కకు తిరుగలేడు. ప్రొద్దున చేలోనికి పోయినవాడు పది గంటలకు గుమ్మములో ఆగిపోయెననిన అది నటన కాదు. శుక్రవారపు ఉపవాసములో ఉన్నను మాత్రలు మానవద్దు. వ్యాధి కలవారు ఉపవాసముండకున్నను ప్రభువు తప్పు పట్టడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. మన ప్రాంతమునకు వచ్చిన ఒక ప్రసంగీకుడు ఈ పెద్ద భార్యతో, మాత్రలు ఇంటిలో ఉన్నంతకాలము స్వస్థత రాదని చెప్పెను. ఆ తల్లి భయపడి వాటిని రెండు దినములు దాచెను. రెండవ రాత్రికి ఆయన శరీరము కఱ్ఱవలె బిగిసిపోయెను, గంజి మ్రింగలేకపోయెను. ఈ మందును ఒక్కసారిగా ఆపుట ప్రాణాపాయము. నేను స్వస్థత ప్రార్థనను నమ్ముదును, నూనె రాసి ప్రార్థించుదును. పౌలు తన వెంట ప్రియ వైద్యుడైన లూకాను ఉంచుకొనెనని కూడ నమ్ముదును (కొలొస్సయులు 4:14).

ఇక ఇంటివారికి. గుమ్మమువద్ద పాదములు నేలకు అతుక్కొన్నట్లు ఆగినప్పుడు చెయ్యి పట్టి లాగవద్దు, పడిపోవుదురు. నిలువనిచ్చి, ఒకటి, రెండు అని లెక్కపెట్టుడి, లేదా కీర్తన ఎత్తుకొనుడి. తాళమునకు కాలు లేచును. నేలమీద గీత ఉన్నయెడల దానిని దాటుటకును కాలు లేచును. మా యౌవనులు గుడి వసారాలో అడుగుకొక సున్నపు గీత గీసిరి. ఒకప్పుడు గుమ్మములో ఆగిపోయి వెనుకవారిచే నెట్టబడిన పెద్ద ఇప్పుడు వాటిమీదుగా లోనికి వచ్చుచున్నాడు. అహరోను వేసిన రాయి వంటివే ఆ గీతలు. ఖర్చు ఒక గుప్పెడు సున్నము. పల్లమైన నులకమంచములోనుండి లేచుట కష్టము గనుక గట్టి మంచము వేయుడి. నేలమీద కూర్చుండబెట్టక కుర్చీ ఇయ్యుడి. అన్నము తినునప్పుడు నిటారుగా కూర్చుండవలెను, చిన్న ముద్దలు తినవలెను. తొందర పెట్టవద్దు, నీళ్లు గటగట త్రాగనియ్యవద్దు. కూర్చున్నవారు లేచుటకు ముందు ఒక నిమిషము ఆగవలెను, లేనిచో కళ్లు తిరుగును. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము ఈ వ్యాధిని తన జాబితాలో చేర్చినది. సదరం శిబిరమునకు పోయి ధ్రువపత్రము అడుగుటకు సిగ్గుపడవద్దు. కాగితములు వ్రాయుటకు నేను వచ్చెదను.

ఇప్పుడు ఆయన భార్యను గూర్చి. మోషే చేతులు బరువెక్కినవని వ్రాయబడినది గాని, అహరోను హూరుల చేతులు ఎట్లున్నవో వ్రాయబడలేదు. వారును దినమంతయు నిలిచిరి. ఈ తల్లి రాత్రి నాలుగుసారులు లేచి ఆయనను ప్రక్కకు తిప్పును. తన రక్తపోటు మాత్ర తాను మరచును. ఎనిమిది నెలలు స్త్రీల సమాజమునకు రాలేదు. ఒకసారి విసిగి ఆయనమీద కేకలు వేసి, పొయ్యి దగ్గర కూర్చుండి ఏడ్చితినని మా ఇంటి అమ్మగారితో చెప్పినది.

నేను ఆ యింటికి పోవుచునే యుంటిని. ప్రతిసారి వాక్యము చదివి, ప్రార్థించి, ఆమె పెట్టిన టీ త్రాగి వచ్చుచుంటిని. ఆమె పనిలో ఒక పని పెంచి వచ్చుచుంటినని తోచలేదు. ఒకనాడు, “అమ్మా, దేనికొరకు ప్రార్థించమందువు?” అని అడిగితిని. ఆమె కొంచెము తడబడి, “ప్రార్థన తరువాత చేద్దురు గాని అయ్యగారూ, మంగళవారం రెండు గంటలు మీరు ఇక్కడ కూచుంటారా? నేను చేనికి పోయి, అట్నించి అక్క ఇంటికి పోయి వస్తాను” అనెను.

ఆ విధముగా మంగళవారములు మొదలైనవి. ఇప్పుడు ఏడుగురము వంతులవారీగా పోవుచున్నాము. స్త్రీలు ముందుగా ముందుకు వచ్చిరి. మగవారు ఒకని పంచె సవరించుటకు, మూత్రమునకు తీసికొనిపోవుటకు సంకోచించిరి. ప్రభువు శిష్యుల పాదములు కడిగిన అధ్యాయము చదివి వినిపించిన పిమ్మట ఇద్దరు వచ్చిరి. ఇంకను ఇద్దరు కావలెను. ఆదివారము ఆరాధన సమయములో ఆయన రాలేని దినమున ఒక యౌవనుడు ఆయనయొద్ద ఉండును, ఆ తల్లి గుడికి వచ్చును. పొరుగు గ్రామముల సంఘములవారు మీ మీ యిండ్లలో ఇట్టివారున్నారేమో కనుగొనుడి. గుడికి రానివారి పేర్లు ముందుగా చూడుడి.

నా మొదటి మంగళవారమున, పళ్లెము విషయమై నన్ను క్షమింపుమని ఆయనను వేడుకొంటిని. చాలసేపు ముఖములో కదలిక లేదు. వినలేదేమో అనుకొంటిని. పిమ్మట బహు మెల్లగా, “ఈ చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడే ఎక్కువ వణుకుద్ది అయ్యగారూ. దీనికి ఏదైనా పని చెప్పండి” అనెను.

పళ్లెము ఇక ఆయన మోయలేడు. గుడి గంట త్రాడు మాత్రము బలముగా లాగగలడు. పెద్దగా చేతులు చాచి చేయు పని ఆయనకు మేలని వైద్యుడును చెప్పెను. గడచిన మాసమునుండి ఆదివారము మొదటి గంట ఆయనే కొట్టుచున్నాడు. అది కొన్ని వారములు పది నిమిషములు ఆలస్యమగుచున్నదని ఇద్దరు ముగ్గురు నాతో చెప్పిరి. ప్రొద్దుటి మాత్ర పనిచేయుటకు కొంత సమయము పట్టును. ఆ పది నిమిషములు వసారాలో కూర్చుండి వేచియుండవలసినదిగా సంఘస్థులను కోరుచున్నాను.